ఇంటివాడి కుర్చీ

హాంకాంగ్‌లో నన్ను ఆ భోజనానికి తీసుకెళ్ళిన అన్న ముందే మూడు షరతులు చెప్పాడు. బోర్డు కోసం వెతకొద్దు, ఉండదు. ఏడున్నర అంటే ఏడున్నరకే ఉండాలి. పెట్టింది తినాలి, మెనూ అడగకూడదు. "మన పెళ్ళిభోజనం అనుకో," అన్నాడు. ఆయనది గుంటూరు. పద్నాలుగేళ్ళుగా అక్కడే ఉంటున్నాడు. నేను ఆఫీసు పని మీద రెండు వారాలకి వెళ్ళినవాణ్ణి. చైనీస్ అంటే నాకు తెలిసింది అమీర్‌పేటలో బండి మీద ఎర్రగా నిగనిగలాడే మంచూరియా వరకే.

షెంగ్ వాన్ అనే పేట. వీధి పొడవునా ఎండు చేపలు, ఎండు రొయ్యలు, ఎండబెట్టిన నత్తలు బస్తాల్లో పోసి అమ్ముతున్నారు. ఆ వాసన దాటి ఒక పాత భవనం మెట్లెక్కి మూడో అంతస్తులో బెల్లు కొడితే, యాభై ఏళ్ళు పైబడిన ఒకావిడ ఏప్రాన్‌తోనే వచ్చి తలుపు తీసింది. లోపల మామూలు ఫ్లాటు హాలు. రెండు బల్లలు, పది కుర్చీలు. గోడకి గడియారం, పాత ఫ్యామిలీ ఫోటో, మూల కుట్టుమిషను. డబ్బులు అన్న వారం ముందే బ్యాంకులో వేసేశాడు. కాబట్టి ఆ సాయంత్రమంతా డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు.

ముందు తీపీ పులుపూ కలిసిన ముల్లంగి. తర్వాత కోడిగుడ్డు సొనలో చేపల రసం కలిపి ఆవిరి మీద ఉడికించినది. గిన్నె కదిపితే గడ్డపెరుగులా వణుకుతోంది. తర్వాత చేప, బాతు, మట్టికుండలో వండిన అన్నం. కుండ అడుగున పట్టిన మాడుని ఆవిడ గరిటెతో గీకి పదిమందికీ సమానంగా పంచింది. చివర్లో, ఏళ్ళ తరబడి నిలవపెట్టిన కమలాఫలం తొక్కతో చేసిన ఐస్‌క్రీం. ఆ తొక్కని వాళ్ళు మందులోనూ వంటలోనూ వాడతారట, ఎంత పాతదైతే అంత ఖరీదట. ఐస్‌క్రీంలో వెయ్యడం మాత్రం ఆవిడ సొంత ఆలోచన. పాత రుచి, కొత్త రూపం. మోడర్న్ చైనీస్ అంటే ఇదేనన్నాడు అన్న.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఆ తర్వాత జరిగింది. అన్నీ అయిపోయాక ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఒక ప్లాస్టిక్ స్టూలు లాక్కుని మా బల్ల దగ్గర కూర్చుంది. టీ పోసుకుంది. ఏది బాగుంది, ఏది మిగిల్చారు అని ఒక్కొక్కళ్ళనీ అడిగింది. మాటల్లో తెలిసింది, ఆవిడ ఒకప్పుడు ట్రావెల్ ఏజెన్సీలో పనిచేసేదట. 2003లో ఉద్యోగం పోయింది. "కింద వీధిలో హోటలే పెట్టొచ్చు కదా?" అని అడిగాను, అన్న నా మాటని కాంటనీస్‌లోకి మార్చాడు. ఆవిడ నవ్వింది. "అప్పుడు మీ పక్కన కూర్చోలేను కదా!"

ఆ జవాబు నన్ను రెండు చోట్లకి తీసుకెళ్ళింది. ఒకటి చైనా చరిత్రలోకి. ఇంకోటి ఎస్సార్ నగర్‌లో మేం అద్దెకున్న ఇంట్లోకి. రెండోది ముందు చెప్తాను.

*

2001లో మా నాన్న పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. పొయ్యిలో పిల్లి లేవని పరిస్థితి అంటారే, అక్కడిదాకా రాలేదు కానీ దాని మీసాలు మాత్రం కనిపించాయి. కంప్యూటర్ కోర్సుల కోసం ఊళ్ళ నుంచి వచ్చిన కుర్రాళ్ళు మా చుట్టుపక్కల గదుల్లో కిక్కిరిసి ఉండేవాళ్ళు. అమ్మ హాల్లో చాపలు పరిచి రెండు పూటలా వాళ్ళకి అన్నం పెట్టడం మొదలుపెట్టింది. మొదట నలుగురు, ఆర్నెల్లు తిరిగేసరికి పద్దెనిమిది మంది.

వండేది అమ్మ. వడ్డించేది అమ్మ. కుర్రాళ్ళు మాత్రం దాన్ని "రావుగారి మెస్" అనేవాళ్ళు. రావుగారు అంటే మా నాన్న. ఆయన పేపరు పట్టుకుని మూల కుర్చీలో కూర్చుని, "మొహమాటపడకండి బాబూ, పెట్టించుకోండి," అంటుండేవాడు. ఇంకో సంగతి. అమ్మ డబ్బు ఎవరి దగ్గరా చేత్తో తీసుకునేది కాదు. ఫ్రిజ్ మీద హార్లిక్స్ సీసా ఉండేది. నెల మొదటి వారంలో ఎవరికి వాళ్ళు అందులో వేసి వెళ్ళాలి.

పక్కవాటా ఆవిడ ఒకసారి పంపు దగ్గర తగువులో అమ్మని "పూటకూళ్ళమ్మ" అంది. అప్పటికి నాకు ఆ మాట అర్థం తెలీదు, అన్న తీరుకి తిట్టని మాత్రం తెలిసింది. కాలేజీలో కన్యాశుల్కం చదివినప్పుడు, చీపురుకట్ట పట్టుకుని గిరీశాన్ని వెతుక్కుంటూ వచ్చే పూటకూళ్ళమ్మని చూసి క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. చాలామందికి పేర్లు పెట్టిన గురజాడ ఆవిణ్ణి మాత్రం చేసే పనితోనే పిలిచాడు. నేనూ తక్కువ తినలేదు. స్కూల్లో ఎవరైనా మా ఇంటి ముందు చెప్పుల గుట్ట చూసి అడిగితే, చుట్టాలొచ్చారని చెప్పేవాణ్ణి. మూడేళ్ళ పాటు మా ఇంటికి చుట్టాలు వస్తూనే ఉన్నారు.

షెంగ్ వాన్ ఫ్లాటులో ఆవిడ స్టూలు లాక్కుని కూర్చున్నప్పుడు ఇదంతా కళ్ళముందు తిరిగింది. తిరిగొచ్చాక ఈ రకం వంటిళ్ళ గురించి దొరికినంతా చదివాను. ఇంటి భోజనం అమ్ముకోవాల్సి వచ్చినప్పుడు ఆ ఇల్లు ఏం పోగొట్టుకుంటుంది, ఏం పోగొట్టుకోనంటుంది? చైనాలో ఈ ప్రశ్నకి నూరేళ్ళ పైబడిన చరిత్ర ఉంది.

*

ఇలాంటి చోట్లని కాంటనీస్‌లో "సీ ఫోంగ్ చోయ్" అంటారు. సొంత ఇంటి వంటకాలు అని అర్థం. ఇంగ్లీషులో ప్రైవేట్ కిచెన్ అయింది. ఇందులో మొదటి అక్షరం, ప్రైవేట్ అనే అర్థమిచ్చేది, రెండు భాగాలు. ఎడమ పక్క ధాన్యపు కంకి. కుడి పక్క తన వైపుకే మెలి తిరిగిన చిన్న గీత. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దపు తత్వవేత్త హాన్ ఫెయ్ ఈ గీత గురించి ఒక మాట చెప్పాడు. తన చుట్టూ తాను గీసుకున్న గీతే "సొంతం". దానికి వీపు తిప్పితే అది "అందరిదీ". పబ్లిక్ అనే అర్థమిచ్చే అక్షరంలో నిజంగానే ఆ మెలి గీత మీద విడిపోతున్న రెండు గీతలు ఉంటాయి. సొంతమూ అందరిదీ ఒకదానికొకటి వ్యతిరేకమన్న ఆలోచన అక్షరాల్లోనే ఉందన్నమాట. ఈ రెండు అక్షరాల కుస్తీయే మన కథ.

కథలో మొదటి ఇల్లు తాన్ వారిది. తాన్ జోంగ్‌జూన్ దక్షిణాన గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. 1874లో చక్రవర్తి సమక్షంలో జరిగే చివరి పరీక్షలో దేశం మొత్తానికి రెండో స్థానం తెచ్చుకున్నాడు. మన లెక్కలో సివిల్స్ ఆలిండియా సెకండ్ ర్యాంకు. సిచువాన్‌లో విద్యాధికారిగా కూడా పనిచేశాడు. తిండి మీద మహా మక్కువ. పుట్టిన ఊరి కాంటన్ వంటకీ బీజింగ్ వంటకీ పొత్తు కుదిర్చి, ఇంట్లోనే ఒక కొత్త పాకం తయారు చేయించాడు. ఉప్పూ తీపీ సమానంగా, ఉత్తరాది వాళ్ళూ దక్షిణాది వాళ్ళూ ఇద్దరూ వంక పెట్టలేనట్టుగా. పొయ్యి మీద పెట్టి గంటల తరబడి సన్నసెగ మీద మగ్గనివ్వడం ఆ వంటలో ప్రాణం.

ఆయన కొడుకు తాన్ జువాన్‌చింగ్ కాలానికి అంతా తలకిందులైంది. 1905లో ఆ పరీక్షలే రద్దయ్యాయి. 1911 విప్లవంతో చక్రవర్తి పోయాడు. చదువుతో వచ్చిన హోదాకి విలువ లేకుండా పోయింది, ఆస్తి కరిగిపోయింది. నాలుక మాత్రం తగ్గలేదు. అప్పుడు తాన్ వారు తమ ఇంటి విందుని అమ్మకానికి పెట్టారు. బోర్డు పెట్టకుండా. తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళకి చెప్పాలి, రోజులు ముందుగా చెప్పి ఉంచాలి, రాత్రికి కొన్ని బల్లలే. సొరచేప రెక్కలు, పక్షిగూటి సూపు లాంటి ఖరీదైన వంటకాలు. గొప్ప అధికారులూ బ్యాంకర్లూ వరస కట్టారు. పాటలో తాన్ షిన్‌పెయ్‌ని అనుకరించని గొంతు లేదనీ, తిండిలో తాన్ ఇంటిని పొగడని నోరు లేదనీ బీజింగ్‌లో ఒక నానుడి పుట్టింది. తాన్ షిన్‌పెయ్ అంటే ఆ రోజుల్లో పేకింగ్ ఆపెరాకి పెద్ద గాయకుడు. ఇంటిపేరు ఒకటే తప్ప వీళ్ళకి చుట్టం కాదు.

ఆ ఇంట్లో రెండు నియమాలుండేవని చెప్తారు. వంట బయటికి పంపరు, ఎంత పెద్దవాడైనా వచ్చి తినాల్సిందే. రెండోది, విందు ఇచ్చేవాడు ఇంటి యజమానికి కూడా ఆహ్వానం పంపాలి. పరిచయం ఉన్నా లేకపోయినా సరే. బల్ల దగ్గర ఆయన కోసం ఒక కుర్చీ, ఒక గిన్నె, ఒక జత చాప్‌స్టిక్స్ అదనంగా పెట్టాలి. తాన్ జువాన్‌చింగ్ వచ్చి కాసేపు కూర్చుని, రెండు ముక్కలు రుచి చూసి, నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళేవాడు.

ఈ కుర్చీ గురించి చదివినప్పుడు నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత మా నాన్న పేపరూ, మూల కుర్చీ గుర్తొచ్చాయి. డబ్బిచ్చి తినేవాడు కస్టమరు. ఇంటివాడికి ఆహ్వానం పంపి, పక్కన కూర్చోబెట్టుకుని తినేవాడు అతిథి. చేతులు మారే డబ్బు అదే. ఒక్క కుర్చీ వేస్తే అమ్మకం కాస్తా ఆతిథ్యం అయిపోతుంది. తాన్ వారు హోటలు వాళ్ళు కాలేదు. విందుకి పిలిచే పెద్దమనుషులుగానే ఉండిపోయారు. పోయిన హోదాలో మిగిలిన ఆఖరి ముక్క ఆ కుర్చీ.

కుర్చీలో కూర్చున్నవాడు వండలేదు, అది వేరే సంగతి. ఆ ఇంటి వంటని శిఖరానికి చేర్చింది ఆయన చిన్న భార్యల్లో ఒకరైన జావ్ లీఫెంగ్. బజారుకి వెళ్ళి సరుకు ఎంచడం దగ్గర్నుంచి పొయ్యి సెగ దాకా ఆవిడ చేతిలోనే. వంటకి మాత్రం తాన్ పేరే వచ్చింది. రావుగారి మెస్!

*

1940లలో తాన్ జువాన్‌చింగ్, ఆ తర్వాత జావ్ లీఫెంగ్ పోయారు. ఇంట్లో పనిచేసిన వంటవాళ్ళు, వాళ్ళలో పెంగ్ చాంగ్‌హై ముఖ్యుడు, ఆ వంటని బతికించారు. 1949లో ప్రభుత్వం మారింది. 1956 నాటికి దుకాణాలూ హోటళ్ళూ "ప్రభుత్వ-ప్రైవేటు ఉమ్మడి యాజమాన్యం" కిందికి వచ్చాయి. పేరులో రెండు అక్షరాలూ పక్కపక్కనే ఉన్నాయి కానీ, బరువంతా ఒకవైపే. 1958లో తాన్ ఇంటి వంట బీజింగ్ హోటల్లోకి మారింది. ప్రధాని జౌ ఎన్‌లై సూచన మీద అని చెప్తారు. అది ప్రభుత్వ అతిథుల హోటలు. వంట బతికింది, ఈనాటికీ అక్కడ దొరుకుతుంది. ఇంటివాడి కుర్చీ మాత్రం వెంట వెళ్ళలేదు. ఇల్లే లేనప్పుడు ఇంటివాడెవరు?

అదే 1958లో పల్లెల్లో జరిగింది వేరే. "ముందుకు మహా గంతు" పేరుతో కమ్యూన్లు ఏర్పడ్డాయి. వాటితోపాటు ఉమ్మడి భోజనశాలలు. ఇళ్ళలో విడిగా వండుకోవడం ఆపించారు. ధాన్యం ఉమ్మడి గాదెలోకి పోయింది. ఉక్కు ఉత్పత్తి పెంచాలని పెరట్లో కొలుములు పెట్టించి, ఇంటింటి నుంచీ ఇనుప మూకుళ్ళు తెచ్చి కరిగించారు. ఆడవాళ్ళకి పొయ్యి చాకిరీ తప్పుతుందన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. అందులో నిజమూ లేకపోలేదు. మా అమ్మ కొడుకుగా ఆ మాటని నేను తేలిగ్గా కొట్టిపారెయ్యలేను. మొదటి నెలల్లో భోజనశాలల్లో కడుపునిండా పెట్టారు కూడా. ఆ తర్వాత లేనిపోని దిగుబడులు లెక్కల్లో చూపించడం, ఆ లెక్క ప్రకారం ధాన్యం పట్టణాలకి తీసుకుపోవడం, కరువు. గరిటె పట్టుకున్నవాడు కమ్యూన్‌లో అన్నిటికంటే పెద్ద అధికారి అయ్యాడు. అతనికి కోపమొస్తే గంజిలో పై నీళ్ళు, ఇష్టమైతే అడుగు మెతుకులు. ఇంట్లో పొయ్యి లేదు, మూకుడు లేదు. చాటుగా ఏదైనా ఉడికించుకుంటే పొగ పట్టించేస్తుంది. 1959-61 మధ్య ఆకలితో పోయినవాళ్ళ సంఖ్య మీద పరిశోధకుల అంచనాలు కోటిన్నర నుంచి నాలుగున్నర కోట్ల దాకా ఉన్నాయి. 1961లో భోజనశాలలు రద్దు చేసి, ఇళ్ళలో పొయ్యిలు మళ్ళీ వెలిగించుకోనిచ్చారు.

ఇది చదివాక ప్రైవేట్ కిచెన్ అనే మాట నాకు డబ్బున్నవాళ్ళ ముచ్చటలా వినిపించడం మానేసింది. ఆ దేశంలో సొంత పొయ్యి అంటే ఒక కాలంలో ప్రాణం నిలిచే దారి. కంకి పక్కన తన చుట్టూ తాను మెలి తిరిగిన ఆ గీత స్వార్థంలా కాక, ఒక్కోసారి పొయ్యి చుట్టూ అడ్డం పెట్టిన చేతుల్లా కనబడుతుంది.

*

ఇరవై ఏళ్ళ తర్వాత ఆ గీత మళ్ళీ ఎలా గీయబడిందో చూడండి. 1980లో బీజింగ్‌లో త్స్వీహువా అనే సందులో లియూ గ్వీషియెన్ అనే గృహిణి తన ఇంట్లో యుయెబిన్ అనే చిన్న భోజనశాల తెరిచింది. సంస్కరణల కాలంలో రాజధానిలో మొట్టమొదటి ప్రైవేటు హోటలుగా దాన్ని గుర్తిస్తారు. మాంసం, నూనె, ధాన్యం కూపన్ల మీద దొరికే రోజులు. కూపన్ అక్కర్లేనివి బాతులే కాబట్టి, మొదటి రోజు వంటకాలన్నీ బాతుతోనే చేసిందని చెప్తారు. జనం వరస కట్టారు. కానీ ఇంటిల్లిపాదికీ భయం: రేపు గాలి మారితే? 1981 చైనా కొత్త సంవత్సరం నాడు ఇద్దరు ఉప ప్రధానులు ఆ ఇంటికొచ్చి శుభాకాంక్షలు చెప్పి వెళ్ళారు. వాళ్ళని కూర్చోబెట్టి పెట్టిన ఆ పూట భోజనం, ఆ ఇంటికి అసలైన లైసెన్సు.

అప్పుడొచ్చిన నియమం ఒకటి మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా నచ్చుతుంది. సొంత వ్యాపారి ఇద్దరు సహాయకుల్నీ, ఐదుగురు శిష్యుల్నీ పెట్టుకోవచ్చు. మొత్తం ఏడు. ఎనిమిదోవాడు చేరితే శ్రమదోపిడీ. పెట్టుబడిలో మార్క్స్ వేసిన ఒక లెక్క దీనికి ఆధారమన్నారు. సోషలిజానికీ కేపిటలిజానికీ మధ్య సరిహద్దు ఒక ఇఫ్ కండిషన్. అవసరం సిద్ధాంతాన్ని దాటిపోతే దాన్ని కొన్నాళ్ళు ఇలాంటి అంకెలతోనే అతుకుతారు. తర్వాత ఆ అంకెని ఎవరూ పట్టించుకోలేదు.

1985లో ఇంకో ఇల్లు. లీ షాన్‌లిన్ గణితం ప్రొఫెసరు. ఆయన తాత రాజమాత త్సీషీ కాలంలో రాజప్రాసాదపు వంటశాలల పర్యవేక్షణ చూసిన అధికారి. అంతకుముందు ఏడాది లీ గారి అమ్మాయి టీవీలో జరిగిన వంటల పోటీలో గెలిచింది. ఆ ఊపులో హౌహై చెరువు దగ్గర సందులో, తామున్న ఇంట్లోనే విందులు మొదలుపెట్టారు. రాత్రికి ఒకే ఒక్క బల్ల. రాజుల కాలపు వంట, కుటుంబ జ్ఞాపకంగా మిగిలినది, ఒక లెక్కల మాస్టారి ఇంటి గదిలోకి అలా తిరిగొచ్చింది. తాన్ వారి కథకి ఇది అద్దంలో ప్రతిబింబం. అక్కడ మునిగిపోతూ ఇల్లు తలుపు తీసింది. ఇక్కడ ఊపిరి పీల్చుకుంటూ తీసింది.

*

ఇక హాంకాంగ్. 1997 జూలైలో బ్రిటన్ నగరాన్ని చైనాకి అప్పజెప్పింది. సరిగ్గా అదే నెలలో ఆసియా ఆర్థిక సంక్షోభం మొదలైంది. 2003 నాటికి ఇళ్ళ ధరలు శిఖరం నుంచి 60 శాతానికి పైగా పడిపోయాయి. ఆ ఏడాది సార్స్ వచ్చింది. 1,755 మందికి సోకింది, 299 మంది పోయారు. నిరుద్యోగం 8 శాతం దాటింది. వీధుల్లో హోటళ్ళు ఖాళీ. ప్రైవేట్ కిచెన్లు గుంపులుగా పుట్టుకొచ్చింది ఈ ఆరేడేళ్ళలోనే. కారణం కష్టమేమీ కాదు. ఉద్యోగాలు పోయినవాళ్ళున్నారు, మేడల మీద చవగ్గా దొరికే ఫ్లాట్లున్నాయి, వండటం వచ్చు. వీధి మట్టంలో హోటలు పెట్టాలంటే అద్దె కొండంత. పైగా లైసెన్సు కావాలంటే అగ్నిమాపక దారి, గాలి గొట్టాలు, విడి వంటగది, మరుగుదొడ్లు అన్నీ లెక్క ప్రకారం ఉండాలి. పాత ఫ్లాట్లకి అవి సాధ్యం కావు.

అందుకే చాలామంది బోర్డు లేకుండా నడిపారు. కొందరు క్లబ్బు సర్టిఫికెట్ తీసుకున్నారు: ఇది హోటలు కాదు, క్లబ్బు, తినడానికొచ్చేవాళ్ళు కస్టమర్లు కాదు, సభ్యులు. తాన్ ఇంట్లో పరువు కోసం ఆడిన నాటకాన్నే ఇక్కడ చట్టం కోసం ఆడారు. మా ఇంట్లో నేనాడిన "చుట్టాల" నాటకం కూడా ఇదే జాతి.

అలా తెరిచినవాళ్ళలో వృత్తి వంటవాళ్ళు తక్కువ, కళాకారులెక్కువ. 1990ల చివర్లో మొదలైన దా పింగ్ హువో దీనికి మంచి ఉదాహరణ. సిచువాన్ నుంచి వచ్చిన దంపతులు. భర్త చిత్రకారుడు, గోడల మీద ఆయన బొమ్మలు. భార్య వండేది. నాలుక తిమ్మిరెక్కించే సిచువాన్ వంటకాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి అయిపోయాక, ఆవిడ వంటగది నుంచి బయటికొచ్చి అతిథుల ముందు నిలబడి పాడేది. ఆవిడ సంగీతం నేర్చుకున్న గాయని. తాన్ ఇంటి కుర్చీకీ దీనికీ తేడా చూడండి. అక్కడ బయటికొచ్చి కూర్చున్నది వండనివాడు. ఇక్కడ వండిన మనిషే బయటికొచ్చింది, తన రెండో విద్య కూడా చూపించింది. నూరేళ్ళలో వచ్చిన మార్పుల్లో నాకు అన్నిటికంటే నచ్చినది ఇది.

ఇంకొకాయన ఆల్విన్ లియూంగ్. లండన్‌లో పుట్టి, టొరంటోలో పెరిగి, ఇంజనీరుగా పనిచేసినవాడు. వంట ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. 2000ల మొదట్లో ఒక చిన్న ప్రైవేట్ కిచెన్‌తో మొదలుపెట్టి, దాన్ని బో ఇన్నోవేషన్ చేశాడు. ఆయన వంటకాల్లో ప్రసిద్ధమైనది షావోలోంగ్‌బావ్. అసలు షావోలోంగ్‌బావ్ అంటే షాంఘై దగ్గర పుట్టిన చిన్న ఆవిరి కుడుము. కొరికితే లోపల నుంచి వేడి రసం చిమ్ముతుంది. లియూంగ్ పిండి పొరే తీసేశాడు. సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్ అనే పదార్థం కాల్షియం తగిలితే గట్టిపడుతుంది. ఆ కిటుకుతో పంది మాంసపు రసం చుట్టూ పల్చటి పొర కట్టించి, ఒక గోళంలా చెంచాలో పెట్టి, మీద సన్నటి అల్లం పోగు వేస్తాడు. నోట్లో పెట్టుకుంటే చిట్లుతుంది. కుడుము రుచే, కుడుము లేదు.

ఇది వినగానే, ఇంజనీరు బుద్ధి పోనిచ్చుకున్నాడు కాదని నవ్వుతాం. కానీ పాత కుడుములోకి రసం ఎలా వెళ్తుందో ఆలోచించారా? పంది తోలుని గంటలు మరిగిస్తే వచ్చే జిగురు చల్లారితే ముద్దలా గడ్డకడుతుంది. దాన్ని తరిగి కూరలో కలిపి పిండిలో చుడతారు. ఆవిరి తగలగానే కరిగి మళ్ళీ రసం. అంటే ద్రవాన్ని కాసేపు ఘనం చేసి పొరలోకి దాటించడం. పందొమ్మిదో శతాబ్దంలో పేరు తెలియని వంటవాళ్ళు కనిపెట్టిన ఇంజనీరింగ్ అది. లియూంగ్ జిగురు మార్చాడంతే. మోడర్న్ చైనీస్ అన్న మాటలో నాకు నచ్చని గర్వం ఒకటుంది, పాతది కదలకుండా ఉండిపోయిందన్నట్టు. తాన్ జోంగ్‌జూన్ కాంటన్‌నీ బీజింగ్‌నీ కలిపినప్పుడు అదీ మోడర్నే.

హాంకాంగ్‌కి వచ్చిన మొదటి మిషెలిన్ గైడు, 2009 సంచిక, బో ఇన్నోవేషన్‌కి రెండు నక్షత్రాలు ఇచ్చింది, 2014 సంచికలో మూడు. మేడ మీద మొదలైన వంట అలా ప్రపంచపటం మీదికెక్కింది. చాటుమాటు బెల్లులు కొన్ని లైసెన్సు బోర్డులయ్యాయి, చాలా మూతపడ్డాయి, అద్దెలు మళ్ళీ పెరిగాయి. ఇప్పుడు ప్రైవేట్ కిచెన్ అనే పేరు పెద్ద హోటళ్ళు కూడా పెట్టుకుంటున్నాయి. పేరు మిగిలింది. పక్కన స్టూలేసుకుని కూర్చునే మనిషి మాత్రం అరుదైపోతోంది.

*

తాన్ వారి కుర్చీ, హాంకాంగ్ క్లబ్బు సభ్యత్వం, మా ఇంటి హార్లిక్స్ సీసా. మూడూ ఒకటేనని నా సిద్ధాంతం. అమ్ముకునేవాళ్ళు తాము అమ్ముకోవడం లేదని తమకి తాము చెప్పుకునే ఏర్పాటు. పరువు పోకుండా పూట గడుపుకునే ఉపాయం. ఈ వ్యాసం అక్కడితో ముగించేద్దామనుకున్నాను.

మొన్న ఆదివారం ఇంటికెళ్ళినప్పుడు అమ్మతో హాంకాంగ్ ఆవిడ సంగతీ, కుర్చీ సంగతీ చెప్పాను. అమ్మకి ఆ కమలాఫలం తొక్క మీద ఉన్న ఆసక్తి తాన్ వంశం మీద కలగలేదు. ఎండలోనా నీడలోనా ఎండబెట్టేది అని అడిగింది. నాకు తెలీదన్నాను. చివరికి నా సిద్ధాంతం కూడా చెప్పాను: నువ్వు డబ్బు చేత్తో తీసుకోవడానికి చిన్నతనంగా ఉండేది, అందుకే కదా ఆ సీసా?

అమ్మ బీన్స్ ఈనెలు తీస్తూ, నావైపు వింతగా చూసింది.

"నాకు చిన్నతనం ఏంట్రా, కష్టపడి వండిపెడితే? కొంతమంది పిల్లలకి ఇంటి నుంచి డబ్బులు వచ్చేవి కావు. చేత్తో తీసుకుంటే ఎవడిచ్చాడో ఎవడివ్వలేదో నాకు తెలిసిపోద్ది. తెలిస్తే వడ్డించేటప్పుడు చెయ్యి ఆగుద్ది. అది తెలీకూడదనే సీసా పెట్టాను."